ఎనిమిదో ప్యారాచూట్

యేసుప్రసాద్ జమ్మలమడుగులో పన్నెండేళ్లు షామియానాలు కుట్టాడు. గండికోటకు వచ్చే పర్యాటకులను గుట్ట మీద నుంచి పారాగ్లైడర్‌లో ఎగిరించే కంపెనీ ఒకటి మొదలైనప్పుడు, గుడ్డ పని తెలిసిన మనిషి కావాలని యజమాని చంద్ర అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. రెండు వారాలు హిమాచల్‌కు పంపి రిజర్వ్ ప్యారాచూట్ మడిచే పని నేర్పించాడు. ఆ సర్టిఫికెట్టు ఉన్నవాడు కంపెనీలో యేసుప్రసాద్ ఒక్కడే.

తల మీద రెక్కలా పరుచుకుని ఎగిరే గ్లైడర్ గాలిలో ముడుచుకుపోతే, పైలట్ సీటు పక్కనున్న ఎర్రటి పిడిని లాగి విసిరేదే ఈ రిజర్వ్. నెలల తరబడి సంచిలో నొక్కుకుని ఉంటుంది కాబట్టి ఆరు నెలలకొకసారి దాన్ని విప్పాలి. రోజంతా నీడలో వేలాడదీయాలి. అంటుకుపోయిన పొరలు విడదీసి, తాళ్లు చిక్కు పడకుండా చుట్టి, పాత రబ్బరు బ్యాండ్లు పారేసి కొత్తవి వేసి, మళ్లీ సంచిలో మడిచి పెట్టాలి. చివర్లో దానికున్న కార్డు మీద తేదీ వేసి సంతకం చేయాలి. ఆ సంతకం చూసే పైలట్ నమ్మి ఎగురుతాడు.

సీటుకొకటి చొప్పున కంపెనీకి ఎనిమిది రిజర్వ్‌లున్నాయి. అక్టోబరులో, సీజన్ మొదలుకాకముందు, పాత పత్తి గోడౌనులో కూర్చుని యేసుప్రసాద్ పది రోజుల్లో ఏడింటిని విప్పి మడిచాడు. శనివారం మధ్యాహ్నం ఎనిమిదోదాన్ని ముందేసుకున్నాడు. మోకాళ్లు లాగుతున్నాయి. కానీ కారణం అది కాదు. విసుగు పుట్టింది, అంతే. నాలుగేళ్లలో ఒక్క పైలట్ కూడా ఒక్క రిజర్వ్ విసిరింది లేదు. సంచి మీద దుమ్ము తుడిచాడు. పిడి గట్టిగా ఉందో లేదో చూశాడు. కార్డు మీద ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాడు. సాయంత్రం బస్సుకే బేతంచెర్లలోని అత్తగారింటికి వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాడు. వచ్చాక ఆ సంగతి మర్చిపోయాడు కూడా.

జనవరిలో రాయచోటి నుంచి ఒక చర్చి ఆడవాళ్లు గండికోట చూడటానికి వచ్చారు. వాళ్లలో రత్నమణి అనే రిటైరైన నర్సు, అందరూ వద్దంటున్నా, తాను ఎగరాల్సిందేనని పట్టుబట్టింది. పైలట్ జయకుమార్ ఆమెను ముందు కూర్చోబెట్టుకుని పదకొండున్నరకు గుట్ట మీద నుంచి ఎగిరాడు.

యేసుప్రసాద్ కింద, దిగే చోట నిలబడి ఉన్నాడు. పక్కనే కౌసర్ ఉంది. సీట్లకు పట్టీలు కుట్టడం, చిరిగిన గ్లైడర్లకు అతుకులు వేయడం ఆమె పని. ఎండ ఎక్కిపోయింది. నల్లరేగడి చేల మీద నుంచి వేడిగాలి లేస్తోంది. ఉన్నట్టుండి గ్లైడర్ ఒక పక్క కాగితంలా మడతపడింది. ఇద్దరు మనుషులు గిరగిరా తిరుగుతూ జారసాగారు.

"ఏ సీటు అది?" అన్నాడు యేసుప్రసాద్.

"ఎనిమిది," అంది కౌసర్.

శనివారం మధ్యాహ్నం, తుడిచిన దుమ్ము, పెట్టిన సంతకం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పైన జయకుమార్ చెయ్యి విసురుగా ఆడింది. తెల్లటి ముద్ద ఒకటి బయటికి వచ్చి తాడులా సాగింది. యేసుప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అది గుండ్రంగా విచ్చుకుని ఉంది. జయకుమార్ పాడైన రెక్కను రెండు చేతులతో లోపలికి లాక్కుంటున్నాడు. ఇద్దరూ ఊగుతూ వచ్చి శనగచేలో పడ్డారు.

అందరూ పరిగెత్తారు. రత్నమణి మట్టిలో కూర్చుని నవ్వుతూ ఏడుస్తోంది. చీలమండ బెణికిందంతే. జయకుమార్ లేచి వచ్చి యేసుప్రసాద్‌ను గట్టిగా వాటేసుకున్నాడు.

"నీ చెయ్యి చల్లగుండన్నా! ఇసిరిన రెండు సెకన్లకే తెరుచుకునె."

గోడౌనుకు తెచ్చాక యేసుప్రసాద్ ఆ ప్యారాచూట్‌ను నేల మీద పరిచాడు. సంచికి ఇంకా వేలాడుతున్న రబ్బరు బ్యాండ్లు కొత్తవి. సాగదీసి చూశాడు. తాను వేసినవి కావు. ఎదురుగా కౌసర్ తల దించుకుని, గుడ్డకు అంటిన శనగాకులు ఒక్కొక్కటే ఏరుతోంది. అడగాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. అంతలో చంద్ర లోపలికి వచ్చి అతని భుజం తట్టి, "కంపెనీ పరువు నిలబెట్టినావప్పా," అన్నాడు. యేసుప్రసాద్ తల ఊపాడు. అలా తల ఊపినందుకు తర్వాత తనను తానే అసహ్యించుకున్నాడు.

నిరుడు కౌసర్ తనకూ మడిచే పని నేర్పించమని చంద్రను అడిగింది. చంద్ర యేసుప్రసాద్ అభిప్రాయం అడిగితే, "కుట్టు బాగానే కుడ్తాది గానీ ఓపిక లేదు సార్. ఈ పనికి పనికిరాదు," అన్నాడు. ఆమెకు ఓపిక ఉందని అతనికి తెలుసు. తన సర్టిఫికెట్టు పక్కన ఇంకో సర్టిఫికెట్టు రావడం ఇష్టంలేక అన్న మాట అది.

వారం తర్వాత ఆదివారం రాయచోటి చర్చిలో రత్నమణి కుటుంబం కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. యేసుప్రసాద్ రానన్నాడు. జయకుమార్ వినలేదు, కారులో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. రత్నమణి కర్ర పట్టుకుని లేచి సాక్ష్యం చెప్పింది. గాలిలో తిరుగుతున్నప్పుడు తనకు ప్రార్థన కూడా గుర్తు రాలేదంది. దేవుడు తన కోసం మూడు నెలల ముందే ఒక మనిషి చేత ఆ గుడ్డ మడిపించి పెట్టాడంది. పాస్టరు గారు యేసుప్రసాద్‌ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నమణి తల్లి, ఎనభై దాటిన మనిషి, వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"ఈ చేతులు సల్లగుండల్ల నాయనా. నా బిడ్డను నాకిచ్చినావు."

ఆమె కన్నీటి తడి అతని వేళ్లకు తగిలింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. మైకు చేతికందే దూరంలో ఉంది. రెండు వందల మంది తన వైపే చూస్తున్నారు. "వందనాలు," అని మాత్రం గొణిగి వచ్చి కూర్చున్నాడు.

సోమవారం పొద్దున గోడౌను తలుపులు తీస్తూనే కౌసర్‌ను అడిగాడు.

"ఎనిమిదోది నువ్వేనా మడిచింది?"

ఆమె కుట్టుమిషన్ ఆపింది. "నేనే అన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు బేతంచెర్లకు పోయినావు చూడు, అప్పుడు. ఆ సీటుకు పట్టీ ఎయ్యల్లని రిజర్వ్ బయటికి తీసినా. రబ్బర్లు పట్టుకుంటే తునిగిపాయ. కార్డు చూస్తే ముందుదినం తేదీ ఉండాది."

"సారుకు చెప్పకపోతివా?"

"చెప్తే నీ పని పోతాది. నీకు చెప్తే ఏమంటావో అని భయం. రెండు దినాలు యాలాడగట్టి, నువ్వు చేస్తాంటే మూడేండ్లు చూసినా గదా, అట్లే మడిచి పెట్టినా." ఆమె మిషన్ మీది గుడ్డను సర్దింది. "మడిచినాక ఇంకా భయమాయన్నా. ఆ సీటులో ఎవరు ఎగిరినా కిందికి దిగేదాకా నాకు చేతులాడవు. తప్పు మడిచింటే నా చేత్తోనే ఒకరు సస్తారు గదా అని."

మూడు నెలలు. ఎగిరిన ప్రతిసారీ. ఎనిమిదో సీటు గాల్లోకి లేచినప్పుడల్లా ఆమె మిషన్ వదిలి బయటికి రావడం అతను చూశాడు. పని ఎగ్గొడుతోందని ఒకసారి కసిరాడు కూడా.

"నిరుడు సారుతో నీ గురించి..." అని మొదలుపెట్టాడు.

"ఓపిక లేదని చెప్పినావు. తెలుసు," అంది ఆమె. "సారే చెప్పె."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ పూటే వెళ్లి చంద్రకు అంతా చెప్పాడు. సంతకం సంగతి, కౌసర్ సంగతి, ఓపిక లేదన్న అబద్ధం సంగతి. "మిగిలిన ఏడూ విప్పినావని నేనెట్ల నమ్మల్ల?" అన్నాడు చంద్ర. యేసుప్రసాద్ నిజంగానే విప్పాడు. కానీ ఆ మాటకు ఇప్పుడు విలువెక్కడిది? మూడు రోజులు ఎగరడం ఆపేసి, హైదరాబాదు నుంచి ఆ సర్టిఫికెట్టున్న ఒక మనిషిని పిలిపించి ఆ ఏడింటినీ విప్పించారు. ఏడూ సరిగానే ఉన్నాయి. వచ్చినాయన కౌసర్ చేత ఎనిమిదోదాన్ని తన ముందే మడిపించి, ఆమెను శిక్షణకు పంపమని చంద్రకు చెప్పి వెళ్లాడు. యేసుప్రసాద్‌ను పనిలోంచి తీసేయలేదు. దిగిన గ్లైడర్లు మోసి గుట్ట మీదికి చేర్చే పనిలో పెట్టారు.

రత్నమణికి కూడా చెప్పాలనుకున్నాడు. సెలవు రోజున రాయచోటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చూడగానే సంతోషంగా లేవబోయింది.

"కూర్చోమ్మా, ఒక మాట చెప్పి పోతా," అన్నాడు. నిలబడే చెప్పాడు. మధ్యలో ఆగలేదు.

ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ముప్పై ఏండ్లు వార్డులో చేసినా. ఇయ్యని సూది ఇచ్చినట్ల చార్టులో రాసేటోళ్లను చూసినా," అంది చివరికి. "నువ్వూ ఆ జాతేనన్నమాట."

"తప్పయిపోయిందమ్మా."

"నాకెందుకు చెప్పినావు? నీ బరువు దించుకునేదానికా? నిన్నటిదాకా కండ్లు మూసుకుంటే ఆ తెల్ల గుడ్డ తెరుచుకునేది కనపడేది. ఇంక తెరుచుకోకపోతే ఎట్లుండునో అదే కనపడతాది. నేను ఎట్ల నిద్రపోవల్ల?"

అతను ఆలోచించని సంగతి అది. చెప్పేస్తే మంచి పని చేసినట్టని ఇంతసేపూ అనుకున్నాడు.

"ఆ బిడ్డ పేరేంది?" అంది ఆమె.

"కౌసర్ అమ్మా."

"నంబరియ్యి."

అక్కడే ఫోను చేసింది. యేసుప్రసాద్ వాకిట్లో ఎండలో నిలబడి విన్నాడు. "కౌసరేనా? నేను రాయచోటి నుంచి రత్నమణిని తల్లీ," అంది ఆమె. మాట్లాడుతూనే కర్ర ఊతంగా ఇంట్లోకి నడిచింది. మళ్లీ బయటికి రాలేదు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపు చూసి అతనే గేటు మూసి బస్టాండుకు నడిచాడు.

ఫిబ్రవరి నెలాఖరుకు కౌసర్ శిక్షణ నుంచి తిరిగొచ్చింది. ఇప్పుడు కార్డుల మీద ఆమె సంతకమే ఉంటోంది. అవసరమైనప్పుడు, "అన్నా, ఈ అంచు పట్టుకో," అని అతన్ని పిలుస్తుంది. అంతకు మించి ఆ సంగతి ఎత్తదు.

జయకుమార్ మాత్రం అతనితో మాట్లాడటం మానేశాడు. గుట్ట మీద సీటు తగిలించుకునేటప్పుడు, కార్డు కళ్లెదుట కనబడుతున్నా, "ఇది మడిచిందెవరు?" అని అందరికీ వినబడేలా అడుగుతాడు. ఎవరో ఒకరు, "కౌసర్," అంటారు. అది విన్నాకే అంచు వైపు అడుగేస్తాడు. గ్లైడర్ మోసుకుని పైకి వచ్చిన యేసుప్రసాద్ ఆ ప్రశ్న రోజూ వింటాడు, కొన్నిసార్లు రోజుకు ఆరుసార్లు. మొన్నొకసారి జవాబు చెప్పడానికి దగ్గర్లో ఇంకెవరూ లేకపోయారు. జయకుమార్ గుట్ట అంచు వైపు చూస్తూ ఆగాడు.

"కౌసర్," అన్నాడు యేసుప్రసాద్. తర్వాత వంగి, గ్లైడర్ తాళ్లు సరిచేయసాగాడు.