ఆరిపోయే చుక్క, తెగిన తోక

మా చెల్లెలు న్యూట్రాన్ నక్షత్రాల మనిషి. వాళ్ళాయన గెలాక్సీల మనిషి. ఇద్దరి బతుకూ ఢీకొనేవాటి మీదే. ఆవిడవి ఊరంత సైజులో ఉండి సూర్యుణ్ణి మించి బరువు తూగే గుండ్లు. గుద్దుకున్నాయంటే క్షణంలో పని సరి. ఆయనవి పది కోట్ల ఏళ్లుగా ఒకదాన్నొకటి రాసుకుంటూ తీరిగ్గా కలిసిపోతున్నాయి. వీళ్ళిద్దరికీ టెలిస్కోపు తిప్పేవాణ్ణి నేను. జీతం పుచ్చుకుని మరీ జనానికి చుక్కలు చూపిస్తాను.

ఆ సాయంత్రం బావ వంతు. అదే ఆఖరుది, వచ్చే ఏడాదికి ఆయన దరఖాస్తు తోసేశారు. ఆయన జంట గెలాక్సీలు అప్పటికే పడమటికి వాలుతున్నాయి. వాటి గొడవలో బయటికి చిమ్మిన నక్షత్రాల తోక ఒకటుంది, పొగలా సన్నగా. ఆరేళ్లుగా దాన్ని ముక్కముక్కలుగా ఫొటో తీస్తున్నాడు. కొస ముక్క ఒక్కటే మిగిలింది. మా బావకి తారాబలం లేకపోయినా తోకబలం ఉంది.

ఫొటో సగం దాటిందో లేదో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, అలర్ట్! రెండు న్యూట్రాన్ చుక్కలు కలిసిపోయాయి. గురుత్వ తరంగాలు పట్టేవాళ్ళు ఆకాశంలో ఫలానా పట్టీలో వెతకమన్నారు. అదీ పడమటే, గంటలో దిగిపోతుంది. చీకటి పడ్డది మనకొక్కళ్ళకే, మిగతావాళ్ళకింకా పగలు. తిప్పు!"

"నువ్వు తిప్పమంటే తిప్పడానికి ఇదేమన్నా తిరగలా? సగం దాటిన ఫొటో ఆపాలంటే కుర్చీలో ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. కుర్చీలో ఉన్నది నీ మొగుడు." స్పీకర్ నొక్కాను.

"ఏవండీ..."

"అంత మెత్తగా పిలవకు, భయమేస్తుంది," అన్నాడు బావ. "ఆపను. ఇవాళ పోతే నాకు మళ్ళీ వంతు లేదు. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే బతిమాలను. మీ ఇష్టం."

మా చెల్లెలు వాదించకుండా ఊరుకోవడం నా ఎరుకలో అదే మొదలు. బావ తెర వంక చూస్తూ అడిగాడు: "నీ వెలుగు ఎన్నాళ్ళుంటుంది?"

"రేపటికి సగం. వారానికి ఏమీ ఉండదు."

"మరి నావి?" అన్నాడు నా వైపు తిరిగి.

"నీవెక్కడికి పోతాయి బావా? మనిషి పుట్టకముందు నుంచీ కొట్టుకుంటున్నాయి. మీ ఇద్దరికన్నా సీనియర్లు."

"అవి ఉంటాయి. ఈ కుర్చీలో నేనే ఉండను." గడ్డం గోక్కున్నాడు. "సరే, ఆపు."

ఆపాను. ఇక పట్టీలో ఉన్న గెలాక్సీలు ఒక్కొక్కటే తీయడం, పాత ఫొటో పక్కన పెట్టడం, కొత్త చుక్కేమన్నా ఉందా అని చూడడం. చెల్లెలు ఫోన్లోంచే "ఇది కాదు, ఇదీ కాదు" అంటోంది. చెప్పుల కొట్లో కూడా ఇంత తొందరగా వద్దనదు. పట్టీ కొండల వెనక్కి జారిపోతుందనగా, ఒక మసక గెలాక్సీ అంచున నీలంగా ఒక చుక్క. పాత ఫొటోలో లేదు.

"అదే!"

"అదేనా?" అన్నాడు బావ, చెవి రుద్దుకుంటూ.

"రేపు చెప్తా. మసకబారితే అదే. బారకపోతే ఇంకేదో."

మర్నాడు సాయంత్రం ఆవిడ వంతు, అది ముందే ఇచ్చింది. ఇద్దరూ వచ్చారు. దీపం తగ్గితే ఎవరైనా వత్తి ఎగదోస్తారు. మా చెల్లెలు తగ్గాలని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. నీలం ఫిల్టరులో తీశాం: సగానికి పడిపోయింది. పసుపులో తీశాం: కొంచెం తగ్గింది.

"ఆరిపోతోంది అన్నయ్యా!" అని గంతేసింది.

"మెల్లిగా. ఎవరైనా వింటే తంతారు."

ఇక ఎరుపు. ఆ ఢీలో బంగారం లాంటి బరువు లోహాలు పుట్టాయో లేదో దాంతోనే గట్టిగా తేలేది. నగ అడగని మా చెల్లెలికి బంగారం మీద ఉన్న మోజు అదొక్కటే. నేను ఫిల్టరు మార్చబోతుంటే "ఆగు," అంది. "ఆయన తోక ఇంకా పైనే ఉందా?"

"ఉంది. అన్నీ దిగిపోయేలోగా ఒక్క ఫొటోకే టైముంది. అదీ ఇంత కిందికి దిగాక గాలి పొరలకి అలుక్కుపోతుంది."

"అయినా తిప్పు."

"పిచ్చా నీకు?" అన్నాడు బావ. "ఎరుపు లేకపోతే నీ లెక్క కుంటుతుంది."

"నా చుక్క మీద ఇప్పుడు లోకమంతా పడింది. ఎవరో ఒకరు తీస్తారు, పేరు వాళ్ళది అవుతుంది, అంతేగా. మీ తోకకి మీరు తప్ప దిక్కెవరు?"

"మొగుడి తోక సంగతి అంత గట్టిగా మాట్లాడకే, పక్క గదిలో జనం ఉన్నారు," అన్నాను. తిప్పాను.

నేనన్నట్టే వచ్చింది, తడిచేత్తో తుడిచినట్టు. బావ దాన్ని ఆరేళ్ల ముక్కల పక్కన అతికించి చాలాసేపు చూశాడు. మసగ్గానే అయినా, తోక కొసదాకా ఉంది.

చెల్లెలు వంగి చూసింది. "ఇంత మసగ్గా ఉందేమిటండీ?"

"నిన్న శుభ్రంగా వస్తోంది," అన్నాడు బావ, తెర మీంచి కళ్ళు తీయకుండా. "మధ్యలో ఎవరో ఫోన్ చేశారు."