నల్లకారు మీద నాగరత్నం గీతలు

నేను ఒక పాలిషింగ్ మిషన్ని. సొరకాయకి పిడి బిగించినట్టుంటాను. నా మూతికి ఉన్ని బిళ్ళ తగిలించి మీట నొక్కారా, వీధి కుక్కలన్నీ పక్క ఊరికి వలసపోతాయి. ఏడాదికోసారి తిరిగొచ్చి, నేను ఆగానో లేదో కనుక్కుని మరీ వెళ్తాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఎక్కడో పొగగొట్టాల ఊళ్ళో పుట్టాను. మొదట బెజవాడలో ఒక షోరూము వెనక, ట్యూబులైట్ల కింద కొత్తకార్ల మొహాలు తుడిచే ఉద్యోగం. అక్కడి మేనేజరు నేను మెరిపించిన డోరులో తల దువ్వుకునేవాడే గాని, ఒక్కనాడూ నావైపు చూసిన పాపాన పోలేదు. నాకంటే తేలికైన మిషను రాగానే నన్ను వదిలించుకున్నారు. అలా రావులపాలెం యేసుపాదం చేతిలో పడ్డాను.

యేసుపాదానికి షెడ్డు లేదు. రోడ్డు పక్క బాదంచెట్టే షెడ్డు, టీకొట్టు ప్లగ్గే కరెంటాఫీసు. మనిషి మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. వాడూ నేనూ కలిసి ఒకసారి ఒక నల్లకారుని ఎంతలా మెరిపించామంటే, దారిన పోయే గేదె బానెట్టుని చెరువనుకుని మూతి పెట్టింది. నీళ్ళు రాకపోతే యేసుపాదం వంక చూసిందండీ ఒక చూపు!

నల్లరంగుకి నోరు ఆగదు. తెల్లకారు మీద గీతలు పడితే గుట్టుగా దాచుకుంటుంది. నల్లకారు ఎండలోకి రాగానే అన్నీ బయటపెట్టేస్తుంది. దుమ్మున్నప్పుడు పొడిగుడ్డతో తుడిస్తే పడే సన్నగీతలవి. సూర్యుడి బింబం చుట్టూ గుండ్రంగా సాలెగూడు అల్లినట్టుంటాయి. నీడలో అవి కనబడవు. ఎండలో చెరుపుదామంటే గీతలు అరగడానికి పూసే కాంపౌండు ముద్ద ఎండిపోయి అట్టకడుతుంది. అందుకని యేసుపాదం కారుని ఎండలోకి తోసి చూసేవాడు, నీడలోకి తోసి నాతో రుద్దించేవాడు. పేరు నాది, తోపుడు టీ తాగడానికొచ్చిన వాళ్ళది.

పెళ్ళిళ్ళకి కారు తిప్పే గన్నేశ్వరరావు ఏటా మాఘమాసం ముందు తన నల్ల అంబాసిడర్ని తెచ్చేవాడు. ముందు సీట్లో భార్య నాగరత్నం కూడా వచ్చేది. యేసుపాదం ఆవిణ్ణి వరస కలిపి అక్కా అనేవాడు.

“ఒరే యేసూ, మీ అక్క మళ్ళీ బండికి ముగ్గులెట్టేసిందిరా!” అనేవాడు దిగుతూనే.

“పెళ్ళికూతురు ఎక్కే బండండీ. దుమ్ముతో పంపమంటారా ఏంటి?” అనేది ఆవిడ.

“నీళ్ళు పోసి కడగవే అంటే ఇనదు. గడపకి పసుపు రాసినట్టు పొడిగుడ్డెట్టి గుండ్రంగా తోముద్ది.”

“పొద్దున్నే చన్నీళ్ళు పోస్తే దానికి జలుబు చెయ్యదూ?”

టీకొట్టంతా నవ్వేది. నేను చెరిపేవాణ్ణి, ఆవిడ గీసేది. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ అదే పోటీ. ఓడిపోవడంలోనే నా కూడూ గుడ్డా ఉన్నాయని తెలియక, ఆవిడ మీద రుసరుసలాడేవాణ్ణి.

ఒక వానాకాలం నాగరత్నం జ్వరంతో పడుకుని మరి లేవలేదు. గన్నేశ్వరరావు కారు తాళం ముట్టుకోవడం మానేశాడు. ఒక సోమవారం పొద్దున్న అతని తమ్ముడు అబ్బులు ఆ కారుని మా దగ్గరికి తోలుకొచ్చాడు.

“అన్నియ్య పొద్దున్నే ఎండపొడ పడేయేళకి పాకలోకెళ్ళి కారుని చూడ్డం, వొచ్చి మంచం ఎక్కెయ్యడం. తిండి లేదు, మాట లేదు. కొత్తదానిలా మెరిపించెయ్యి యేసూ. చూసి లేచి కూర్చుంటాడు.”

“ఆయనతో చెప్పేరా అండీ?”

“చెప్తే వద్దంటాడు. ఆయనిప్పుడు అన్నమే వద్దంటన్నాడు.”

యేసుపాదం నన్ను చేతిలోకి తీసుకున్నాడో లేదో, “ఆగాగు! ఏడున్నర దాటింది. సోమారం రాహుకాలం. అదెళ్ళేదాకా ముట్టుకోకు” అని అడ్డం పడ్డాడు అబ్బులు.

“రాహువు నా మిషన్నేం చేత్తాడండీ? ఈలోపు నీడెల్లిపోద్ది.”

“పోతే పోయింది, టార్పాలిన్ నేను పట్టుకుంటాను. మా అన్నియ్య లేచి తిరగాల్సిన పనిరా. చెడ్డగడియలో మొదలెడతామా?”

సరేనని టీలు తాగుతూ కూర్చున్నారు. రాహువు తొమ్మిదింటికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నీడని కూడా వెంటబెట్టుకుపోయాడు.

ఎండ బానెట్టు మీద పడగానే గీతలన్నీ లేచాయి. వలయం మీద వలయం, గాజుల మలారం విప్పినట్టు. యేసుపాదం కాసేపు చూశాడు.

“అబ్బులుగారూ, ఇది మా అక్క తుడుపండి” అన్నాడు నెమ్మదిగా.

“అందుకే కదరా తుడిపెయ్యమంటన్నాను. అయ్యి చూసే ఆయన అలా అయిపోతన్నాడు.”

అబ్బులు టార్పాలిన్ ఎత్తిపట్టుకున్నాడు. యేసుపాదం మీట నొక్కాడు. అంత బాగా నేనెప్పుడూ పనిచెయ్యలేదు. నా పోటీదారు లేదు గదా, ఇక శాశ్వతంగా గెలిచానని లోలోపల మురిసిపోయాను కూడా. బానెట్టు, టాపు, డిక్కీ, మూడు తలుపులు. గీత అన్నది లేదు. నల్లటి నీళ్ళలా నిలబడింది కారు.

నాలుగో తలుపు దగ్గరికి రాబోతుంటే ఆటో ఆగింది. లుంగీతోనే దిగాడు గన్నేశ్వరరావు. గెడ్డం పెరిగి ఉంది. పాకలో కారు లేదని ఊరంతా వెతికి వచ్చాడట.

“చూడన్నియ్యా, నీ మొహం ఎలా కనపడతందో!” అన్నాడు అబ్బులు ఉత్సాహంగా.

గన్నేశ్వరరావు బానెట్టు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

“ఆ. నా మొహమే కనపడతంది” అన్నాడు.

కారు చుట్టూ నడిచాడు, అరచెయ్యి రంగు మీద ఆనించీ ఆనించకుండా. ఎడమవైపు వెనకతలుపు దగ్గర ఆగిపోయాడు. టార్పాలిన్ పక్కనుంచి పడే ఎండలో అక్కడ ఇంకా గీతలు కనబడుతున్నాయి. యేసుపాదం నన్ను కింద పెట్టేశాడు. గన్నేశ్వరరావు ఆ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“దీన్నొదిలెయ్యరా యేసూ.”

“ఒక్క తలుపు అలా ఉంటే నవ్వుతారన్నియ్యా.”

“నవ్వనీరా. మీ వదిన బతికినన్నాళ్ళూ అది చేసినపనికి నలుగుర్నీ నవ్వించింది నేనే కదా.”

అబ్బులు చేతిలో టార్పాలిన్ జారి కింద పడింది. ఎవరూ తీయలేదు. రాహుకాలం అడ్డం రాకపోతే ఆ తలుపు కూడా మిగిలేది కాదని అప్పుడు లెక్క తేలింది నాకు. గెలుపు తలచుకుంటే నా తీగలన్నీ సిగ్గుతో చల్లబడ్డాయి.

గన్నేశ్వరరావు మళ్ళీ కారు తిప్పుతున్నాడు. అన్నయ్యని లేపింది పాలిషేనని అబ్బులు చెప్పుకుంటాడు, చెప్పుకోనీయండి. నా మోటారు కాలిపోయి, ఇప్పుడు టీకొట్టు అటక మీద ఇనపముక్కల గోనెలో ఉన్నాను. గోనె చిరుగులోంచి రోడ్డు కనబడుతుంది.

అతను పెళ్ళికి వెళ్ళేముందు కారుని ఇక్కడ ఎండలో ఆపుతాడు. తలుపు మీద దుమ్ము ఉంటే గీతలు కనబడవు. తుడిస్తే కొత్త గీతలు పడి పాతవి చెడిపోతాయి. అందుకని చెంబుతో మెల్లగా నీళ్ళు పోస్తాడు. తడి ఉన్నంతసేపూ తలుపు నున్నగా, ఎవరూ ముట్టనట్టు ఉంటుంది. టీ చల్లారుతున్నా పట్టించుకోడు. నీళ్ళు ఆరేకొద్దీ నాగరత్నం చెయ్యి తిరిగిన చోటల్లా ఒక్కో గీతా పైకి వస్తుంది. అన్నీ వచ్చేదాకా నిలబడి చూసి, అప్పుడు బండెక్కుతాడు.