సామూహిక సీమంతం

సీమంతానికి కూర్చోనని ప్రేమ చెప్పినప్పుడు ఇంకెవరైనా ఆ మాటను అక్కడితో వదిలేసేవాళ్లు. అత్త చిక్కమ్మ వదల్లేదు. కోడలంటే ఆమెకు ప్రాణం. ప్రాణంగా చూసుకునేవాళ్లు బాధపెడితే తిట్టడానికి కూడా వీలుండదు, అదీ అసలు కష్టం.

ప్రేమకు ఆరో నెల. కడుపులో బిడ్డకు పుర్రె ఏర్పడలేదని, పుట్టినా బతకదని స్కానింగులో తేలింది. నిజానికి ఇది మూడో నెలలోనే తెలియాల్సిన సంగతి. అప్పట్లో తాలూకాలో స్కానింగు సెంటరువాడెవడో కక్కుర్తిపడి ఆడా మగా చెబుతూ పట్టుబడ్డాడు. దాంతో మిగతావాళ్లూ హడలిపోయి షట్టర్లు దించేశారు. మూసిన సెంటర్ల ముందు, మండీకి వచ్చే మామిడి లారీల మధ్య ఎండలో నిలబడి నిలబడి కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఇళ్లకు తిరిగొచ్చారు. వెంకటలక్ష్మమ్మ అనే నాయకురాలికి మాత్రం పంట పండింది. ఆటోకు మైకు కట్టించి, కడుపు తీయించుకునేది తల్లి కాదు, హంతకురాలని ఊరూరా చాటించింది. ఎన్నికలొస్తున్నాయి, ఆమెకూ ఏదో ఒకటి కావాలి కదా.

బెంగళూరు పెద్దాసుపత్రిలో డాక్టర్ల బోర్డు ప్రేమను చూసింది. ఇలాంటి బిడ్డ విషయంలో ఇన్ని నెలలు నిండాక కూడా తీయడానికి చట్టం ఒప్పుకుంటుందని, నిర్ణయం ఆమెదేనని, ఇందులో తల్లి తప్పు రవ్వంత కూడా లేదని డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ప్రేమ అన్నం ముట్టలేదు. మొగుడు మునేష్ పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. చివరికి ఆమె తనంతట తానే సరేనంది. బిడ్డకు నొప్పి తెలుస్తుందా అని మాత్రం అడిగింది. సోమవారం వచ్చి చేరమన్నారు.

దానికి ముందు శనివారమే అంగన్‌వాడీలో గర్భిణులందరికీ కలిపి సీమంతం. పోయినేడు అంజినప్ప కోడలికి దానంతటదే కడుపు పోతే, ఆడబిడ్డని తెలిసి తీయించారని ఊరంతా చిలవలు పలవలు అల్లింది. పాపం, ఆ పిల్ల డెయిరీకి పాలు పోయడానికి రావడం కూడా మానేసింది. తన కోడలికి ఆ గతి పట్టకూడదని చిక్కమ్మ తాపత్రయం. నలుగురి ముందు సీమంతం జరిగితే, తర్వాత బిడ్డ కడుపులోనే పోయిందని చెప్పినా ఎవరికీ అనుమానం రాదు.

"ఒక్క గడియ కూర్చో తల్లీ. ఊరి నోరు మూతపడతాది," అని బతిమాలింది.

"ఉండని బిడ్డకి సీమంతం యాల అత్తా?" అంది ప్రేమ.

మాట చెల్లనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే చిక్కమ్మా చేసింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రేమ లేచి చీర మార్చుకుంది.

షామియానా కింద పచ్చగాజులు తొడిగారు, ఒడిలో బియ్యం పోసి కొబ్బరికాయ పెట్టారు. నడక చూస్తే కొడుకేనని ఒకావిడ ప్రేమను ఆటపట్టించింది. ప్రేమ నవ్వింది కూడా. అంతా సవ్యంగానే గడిచిపోతోందని చిక్కమ్మ ఊపిరి పీల్చుకునేలోగా వెంకటలక్ష్మమ్మ మైకు అందుకుంది. అందరూ ఎడమచెయ్యి కడుపు మీద పెట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి ఒట్టు పెట్టాలట. నా బిడ్డను నేను చంపను, దేవుడిచ్చిన ప్రాణాన్ని కాపాడతాను. ఇదీ ఆ ఒట్టు.

వరసలో అందరి చేతులూ లేచాయి. ప్రేమ ఎడమచెయ్యి కడుపు మీద పెట్టుకుంది కానీ కుడిచెయ్యి లేవలేదు. వెంకటలక్ష్మమ్మ చూపు వచ్చి అక్కడే ఆగింది. పక్కవాళ్లు తలలు తిప్పారు. వెనక నిలబడిన చిక్కమ్మ గబుక్కున వంగి కోడలి కుడి మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. అనేసెయ్, ఒట్టి మాటలే కదా అని చెవిలో చెప్పింది. ప్రేమ అంది. ఒక్కొక్క ముక్కా అందరికన్నా స్పష్టంగా అంది. ఫోటోలు తీశారు.

సోమవారం ఆసుపత్రిలో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. నర్సులు తల నిమిరారు. బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి చూపించారు, మునేష్ మట్టిచేసి వచ్చాడు.

ఊళ్లో చిక్కమ్మ అనుకున్నట్టే అయింది. బిడ్డ కడుపులోనే పోయిందంటే అందరూ నమ్మారు. ఇరుగుపొరుగు రాగిముద్దా చారూ వండి తెచ్చారు. వెంకటలక్ష్మమ్మ కారులో వచ్చి, పళ్లబుట్ట పెట్టి, బంగారంలాంటి పిల్లకు దేవుడు అన్యాయం చేశాడని కొంగుతో కళ్లొత్తుకుంది. చాటుగా కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు.

ప్రేమ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. తినదు, నిద్రపోదు, మునేష్ పిలిస్తే పలకదు. అందరూ వెళ్లిపోయిన ఒక మధ్యాహ్నం చిక్కమ్మ అన్నం కలిపి తెచ్చి పక్కన కూర్చుంది.

"డాక్టరమ్మ చెప్పింది మరిచిపోతివా? నీ తప్పు రవ్వంత కూడా లేదనింది గదా."

"అప్పుడు లేదు," అంది ప్రేమ, ఇటు తిరక్కుండానే. "బెంగళూర్లో సరే అన్నప్పుడు, నా బిడ్డని నేనే సాగనంపుకుంటాననుకున్నాను. శనివారం దానికి మాటిచ్చినాను, చంపనని. ఇచ్చినాక చంపినాను."

చిక్కమ్మ చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టేసింది. ఇన్నాళ్లూ ఏ మాట ఊరి నోట రాకూడదని ఆమె తంటాలు పడిందో, ఆ మాట తన ఇంట్లోనే వచ్చింది.

"నీ చెయ్యి ఎత్తింది నేను," అంది. "ఆ పాపం నాది తల్లీ, నీది కాదు."

"నువ్వు ఎత్తింది కుడిచెయ్యి. కడుపు మీద పెట్టుకున్న చెయ్యి నాదే గదత్తా."