మాస్టారు వండిన క్వినోవా

ఆసుపత్రి వంటగదిలో మాస్టారి మాటకు తిరుగులేదు. ఇరవై రెండేళ్ళుగా గరిటె ఆయన చేతిలోనే ఉంది. రోగులు మందులకు మొహం ముడుస్తారేమోగానీ మాస్టారి వంటకు వంక పెట్టరు. ఆ పేరు ఎలా నిలబడుతోందో తెలిసింది మాత్రం ఇద్దరికే. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం ఆయన నాలుకను తుడిచిపెట్టేసింది. ఉప్పూ పులుపూ తీపీ చేదూ అన్నీ ఆయనకు ఒక్కటే. అప్పటి నుంచి రుచి చూసేది ఆయన భార్య. ఆమె అక్కడ పేరుకు కూరలు తరిగే మనిషి. పొయ్యి పక్కగా వెళ్తూ ఇంత నోట్లో వేసుకుని “ఉప్పు చాలదు” అని గొణిగేది, ఆయన వేసేవాడు. మెచ్చుకోళ్ళన్నీ ఆయన ఖాతాలోకే. వాటిలో ఆవగింజంతైనా ఆమెకు మిగల్చలేదు మహానుభావుడు.

కొత్తగా వచ్చిన డైటీషియన్ మేడమ్ ఒకరోజు రెండు పెద్ద ప్యాకెట్ల క్వినోవా గింజలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“షుగరున్న వాళ్ళకి అన్నం బదులు ఇది పెడదాం మాస్టారూ. ప్రోటీన్ ఉంది, పీచు ఉంది, ఊరికే ఆకలెయ్యదు. చెమ్మ తగలకుండా మూత బిగుతుగా ఉండే డబ్బాలో పొయ్యండి. రేపు డైరెక్టర్ గారు కూడా తింటారు. ఆయనకి నచ్చితే కొత్త బిల్డింగులో వంటగది కూడా మీకే.”

మాస్టారి మొహం చేటంత అయింది. ఈలోగా భార్య ప్యాకెట్ వెనక రాసింది చదివి, “ఏవండీ, దీన్ని ముందు బాగా...” అనబోయింది.

“ప్యాకెట్ చూసి వండే ఖర్మ నాకేం పట్టింది? కూరలు తరగడం తప్ప దీనికేం తెలుసు మేడమ్!” అని నవ్వాడాయన. మేడమ్ కూడా మర్యాదకు నవ్వింది. భార్య వెళ్ళి క్యారెట్లు ముందేసుకుంది.

మర్నాడు మాస్టారు గింజలు కడగబోతే, సగం జల్లెడ కన్నాల్లోంచి జారిపోయాయి. విసుగొచ్చి కడగడమే మానేశాడు. మిగిలినవి పొడిగా దోరగా వేయించి, కొలతకు రెండింతలు నీళ్ళు పోసి, సన్నని సెగ మీద మూత పెట్టాడు. గింజలు విచ్చుకుని చిన్న చిన్న తోకలు బయటపడ్డాయి. చూపులకు ముచ్చటగానే ఉంది. భార్యకు ఓ చెంచాడు అందించాడు.

ఆమె నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. మింగింది.

“బాగుంది” అంది.

పావుగంటలో పళ్ళేలన్నీ వెనక్కి వచ్చాయి. వాటి వెనకే మేడమ్.

“రుచి చూశారా మాస్టారూ?”

“చూడకుండా పంపుతానా?”

“మళ్ళీ చూడండి.”

ఆయన నోట్లో పెట్టుకుని భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. ఏదో లోపం ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. చీకట్లో రాయి విసిరాడు.

“ఉప్పు కాస్త తగ్గినట్టుంది.”

మేడమ్ మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. ఆ జాలికి ఆయన ప్రాణం చచ్చిపోయింది.

“చేదు విషంలా ఉంది మాస్టారూ. ఈ గింజ మీదుండే చేదు, నురుగు పోయేదాకా కడిగితేగానీ వదలదు. డైరెక్టర్ గారు ఉమ్మేసి వెళ్ళిపోయారు. మీకు... రుచి తెలియట్లేదు కదూ?”

ఆయన నేల చూపులు చూశాడు. “రేపట్నుంచి పొయ్యి దగ్గరికి రాకండి” అని మెల్లగా చెప్పి మేడమ్ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే మాస్టారు భార్య మీద విరుచుకుపడ్డాడు.

“చేదుందని తెలీలేదా నీకు?”

“నాలుక మీద పెట్టగానే తెలిసింది.”

“మరి చెప్పి చావలేకపోయావా? ఇన్నేళ్ళ పేరు మట్టిలో కలిసిపోయిందే!”

ఆమె చాకు పక్కన పెట్టింది.

“రెండేళ్ళు ఆ పేరు నేను కాపాడాను. ఇవాళ ఒక్క పూట మానేశాను. అంతే.”