తిప్పి పంపిన కవరు

డాక్టర్ హరనాథ్ అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో ఎముకల వైద్యుడు. 1979 జనవరిలో ఒకరోజు రిగ్స్ అనే కైరోప్రాక్టర్ దగ్గరనుంచి ఆయనకు ఒక కవరు వచ్చింది. చేతులతో వెన్ను సరిచేసే ఆ వృత్తివాళ్లతో డాక్టర్లు సంబంధం పెట్టుకోకూడదని వైద్యసంఘం నియమం. ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరి రెండేళ్లయినా నిండని హరనాథ్‌కు మాట పడడం ఇష్టంలేదు. కవరు విప్పకుండానే తిప్పి పంపేశాడు.

నాలుగు నెలల తరువాత, కార్ల కంపెనీలో పనిచేసే ఆమోసును భార్య లూసీ చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. అతని కాళ్లలో పట్టు లేదు. ఎక్స్‌రే చూడగానే హరనాథ్ జబ్బును పోల్చుకున్నాడు. వెన్నెముకకు క్షయ. గుంటూరులో చదువుకునే రోజుల్లో ఎన్నోసార్లు చూసిన జబ్బు.

“ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?”

“నడుం నొప్పని రిగ్స్ గారి దగ్గరికెళ్లామండీ. ఆయన వెన్ను ముట్టుకోనే లేదు. ‘ఇది నా పని కాదు’ అని ఎవరో పెద్ద డాక్టరుకి లెటర్ రాశారు. ఆ మహానుభావుడు విప్పకుండానే వెనక్కి పంపాడంట. ఇంకో డాక్టరేమో పెయిన్ టాబ్లెట్లిచ్చి ఊరుకున్నాడు. చివరికి రిగ్స్ గారే మీ పేరు చెప్పారండీ.”

హరనాథ్ ఆపరేషన్ కాగితాలు రాయడం మొదలుపెట్టాడు. ఆ కవరు తిప్పి పంపింది తనేనని చెప్పలేదు.

ఆపరేషన్ చేశాడు. ఏడాదికి ఆమోసు కర్ర పట్టుకుని నడిచాడు. లూసీ చేతులు జోడించి, “దేవుడే మిమ్మల్ని చూపించాడు” అన్నప్పుడు హరనాథ్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఎనభైలో సంఘం ఆ నియమాన్ని సడలించింది. అప్పుడుగాని హరనాథ్‌కు రిగ్స్ గడప తొక్కే ధైర్యం రాలేదు. అందుకూ సిగ్గుపడ్డాడు.

“ఆ డాక్టర్ని నేనేనని వాళ్లకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీ దగ్గరికి వచ్చేవాళ్లా? నాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఆ జబ్బు చూసినవాళ్లు మీరొక్కరే” అన్నాడు రిగ్స్.

అక్కణ్నించి హరనాథ్ నేరుగా ఆమోసు ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. లూసీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమోసు పక్కనున్న కర్రను ఒళ్లోకి తీసుకున్నాడు.

“అప్పుడే చూసుంటే ఈ కర్ర ఉండేది కాదు కదండీ?”

“ఉండేది కాదు.”

మరుసటి వారం ఆమోసు చెకప్‌కు వేరే డాక్టర్ని బుక్ చేసుకున్నాడు. హరనాథ్ అతని ఎక్స్‌రేలన్నీ ఆ డాక్టరుకు తనే తీసుకెళ్లి ఇచ్చాడు.