డెల్మీరా రేవులో చెత్తసంచి

పరానా నది సముద్రం చేరబోతూ లెక్కలేనన్ని పాయలుగా చీలిపోయే లంకల్లో అన్సెల్మో సరుకుల పడవ నడిపేవాడు. పిండి, నూనె, గ్యాసు బండ, టీలా కాచుకునే మాతే ఆకు, కోళ్ల దాణా, అన్నీ నీటి మీదుగా రావలసిందే. సరుకు కావలసినవారు రేవు గుంజకు తెల్లగుడ్డ కట్టేవారు. అది కనబడితే అతను ఆగేవాడు. వాడిపారేసినవి మళ్లీ నీటి మీదుగానే పోవాలి గనుక, చెత్తసంచులను కుక్కలకు అందని ఎత్తున కొక్కేనికి తగిలిస్తే ఎర్సీలియా తన చెత్తపడవలో తీసుకుపోయేది.

తొర్దిల్యా పాయ వంపులో, విల్లో చువ్వలతో బుట్టలల్లే డెల్మీరా రేవు దగ్గర అన్సెల్మో పడవ అవసరానికి మించి ఆగేదన్నది లంకలన్నిటికీ తెలిసిన సంగతే. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. పెళ్లాడి తన పడవలోకి వచ్చెయ్యమని అన్సెల్మో అడిగాడు. చలికాలం వెళ్లాక చెబుతానని ఆమె అంది. అలా అన్నప్పుడు ఆమె నవ్వింది కాబట్టి, అతను అప్పుడే పడవలో సరుకులమ్మే బల్ల వెనక రెండో పీట వేయించాడు.

ఆ శరదృతువులోనే ఫెర్మీన్ ఇంకో సరుకుల పడవ తెచ్చాడు. కొత్త రంగు, లోపల పెద్ద ఫ్రిజ్, పైన పాటలు. మనిషి అన్సెల్మో కన్నా చిన్నవాడేమీ కాదు గాని, జుట్టు ఇంకా నల్లగా ఉండేది. కొన్ని రేవుల్లో తెల్లగుడ్డలు కనబడడం మానేశాయి. వ్యాపారంలో ఆ నష్టాన్ని అన్సెల్మో ఓర్చుకోగలిగాడు. ఓర్చుకోలేని నష్టం ఒకటుందని మాత్రం అతనికి లోలోపల తెలుసు. అందుకే, తెలియకుండానే, దాని ఆనవాళ్ల కోసం వెతకసాగాడు.

వెతికినవి దొరికాయి. ఆగ్నేయపు గాలి నదిని వెనక్కి తోసి, పెరళ్లలోకి నీళ్లు ఎక్కించి దించిన వారంలో, అతను డెల్మీరా రేవులో పడవ ఆపాడు. ఖాళీ బండ తేవడానికి ఆమె లోపలికి వెళ్లింది. అతని భుజం పక్కనే చెత్తసంచి వేలాడుతోంది. పలుచటి సంచి, లోపలిది పైకి కనబడుతోంది. పచ్చకోడి బొమ్మ ఉన్న ఖాళీ మాతే పొట్లాలు, పొడుగు మెడ వైన్ సీసాలు. లంకల్లో ఆ సరుకు ఫెర్మీన్ ఒక్కడే అమ్ముతాడు.

అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అతను అడగలేదు. ఆమె మాతే కాచి ఇస్తానంటే, నీళ్లు తీస్తున్నాయి, ఆగలేనన్నాడు. డెల్మీరా ఒకసారి నీటిని చూసి, ఒకసారి అతని ముఖం చూసింది. లంకలో పుట్టిన మనిషితో నీటి గురించి అబద్ధం చెప్పడం కుదిరే పని కాదు. అయినా ఆమె కూడా ఏమీ అడగలేదు.

తరువాతి వారం గుడ్డ కట్టి ఉన్నా అతను ఆగలేదు. పొగమంచులో కనబడలేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆపై వారం మంచు లేదు, సర్దుబాటూ లేదు, చూస్తూనే దాటిపోయాడు. ఫెర్మీన్ పెద్ద పడవ ఆ లోతులేని పాయలోకి రావడం కుదరదన్న మాట అతనికి ఒక్కసారీ తట్టలేదు. అది రావడం కుదరదు కాబట్టే, ఇంట్లో పిండీ గ్యాసూ అయిపోయాక, డెల్మీరా దోనె వేసుకుని, పాయ పెద్ద నదిలో కలిసే మొగ దాకా తెడ్డు వేసింది. ఫెర్మీన్ పడవకు కట్టిన ఆమె దోనెను చూసిన అన్సెల్మో, తన అనుమానమే నిజమైందని చేదుగా సంతోషించాడు.

డీజిల్ పోయించుకునే రేవులో ఒకనాడు చెత్తపడవ అతని పడవ పక్కన ఆగింది. డెల్మీరా రేవు దాటి ఎందుకు పోతున్నావని ఎర్సీలియా నిలదీసింది. మొదట నసిగి, చివరకు అతను సంచి సంగతి చెప్పాడు. ఆమె డీజిల్ పైపు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఆ సంచిలో పసిపిల్లల డైపర్లు కూడా ఉన్నాయే. చూశావా?"

"చూశానక్కా."

"మరి డెల్మీరా అవి ఎవరికి తొడుగుతోందనుకున్నావురా? ఫెర్మీన్‌కా?"

అతను తన డీజిల్ ట్యాంకు మూత బిగించసాగాడు.

"పోటు తీశాక ఊళ్లో వాళ్ల చెత్తంతా కొట్టుకొచ్చి ఆ వంపులోనే చేరుతుంది. పాపం, ఒక్కతే బురదలో దిగి ఏరి, కడిగి నాకిస్తుంది. ఆ సీసాలన్నీ ఆవిడే తాగుంటే ఈపాటికి నా పడవలోనే పోయేది. నీకు కావలసినవి రెండు చూసుకున్నావు, అక్కర్లేనిది వదిలేశావు. చెత్త ఏరడంలో నన్ను మించిపోయావయ్యా."

ఆ మధ్యాహ్నమే అతను తొర్దిల్యా పాయలోకి తిరిగాడు. డెల్మీరా రేవు మెట్ల మీద కూర్చుని చువ్వలు చీలుస్తోంది. అతను దిగి, దాచకుండా అంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆపకుండా విన్నది.

"పడవ పాడైందేమో, జ్వరమేమో అనుకున్నాను," అంది. "రెండో వారం నువ్వు ఇటు చూస్తూ పోయావు. అప్పుడు మానేశాను, అనుకోవడం."

"తప్పు నాదే. ఇంకెప్పుడూ..."

"సరుకు ఇప్పుడు ఫెర్మీనే చిన్న దోనెలో ఇక్కడికి తెచ్చిస్తున్నాడు. మొగ దాకా నేను తెడ్డు వెయ్యడం చూడలేకపోయాడట." ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. చువ్వను ఒళ్లో పెట్టుకుని అతని వైపు తిరిగింది. "చలికాలం ఇంకా పోలేదు, అన్సెల్మో."

ఆమె తలుపు పూర్తిగా మూయలేదని అతను గ్రహించాడు. రేవు దాకా వస్తూ మనసులో కూర్చుకున్న మంచి మాటలన్నీ పెదవుల దాకా వచ్చాయి. కాని వాటన్నిటినీ తోసుకుని ముందు బయటపడింది వేరొకటి.

"అతను వస్తే ఎంతసేపు ఉంటాడు?"

డెల్మీరా చీల్చిన చువ్వలను ఒక కట్టగా ఎత్తుకుని ఇంట్లోకి నడిచింది.