మూడో సెన్సర్

అక్క కారు మళ్ళీ నా షెడ్డుకు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద మళ్ళీ అదే పసుపు లైటు. దీనితో నా తల ప్రాణం తోకకొస్తోంది.

"ఏరా, బాగుచేయడమంటే ఇదేనా? రేపే పొగ పరీక్ష. అందులో పోతే టాక్సీ పర్మిట్ పోతుంది. ఆ తర్వాత మా ఇల్లు నువ్వు నడుపుతావా?" అంది అక్క, దిగీ దిగకుండానే.

ఏం చెప్పను? ఆ లైటు వెలిగేది ఒక సెన్సర్ పోయినందుకు. పొగ గొట్టంలో కూర్చుని, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఇంజన్ కంప్యూటర్‌కు చేరవేసే సెన్సర్ అది. దాని మాట విని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇప్పటికి రెండు కొత్తవి వేశాను. మొదటిది పోతే కొట్లోవాడు నాసిరకం అంటగట్టాడనుకున్నాను. మరి ఇదీ పోయిందేం?

"మీ బావ అంటూనే ఉన్నారు, నీకు పని మీద ధ్యాస లేదని."

ఒళ్ళు మండిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డ దగ్గర్నుంచి బావ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు తెలియని విద్య లేదు, ఇవ్వని సలహా లేదు.

స్కానర్ తగిలించాను. మంచి సెన్సర్ అయితే తెర మీద గీత పైకీ కిందికీ ఊగుతూ ఉండాలి. ఇది నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంది. వైర్లు చూశాను, కనెక్టర్ చూశాను, ఎర్త్ చూశాను. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. గాలి గొట్టం ఒకటి ఊడదీశాను. ఇంజన్ దగ్గింది, వణికింది, గీత మాత్రం కదల్లేదు. చచ్చినదాన్ని తిట్టి లాభం లేదు. అయినా తిట్టాను.

విప్పి చూస్తే మొన తెల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైతే నల్లటి మసి పట్టాలి గానీ ఈ తెలుపేమిటి? బానెట్ కింద తలపెట్టి వెతికాను. పుల్లటి వాసన కొట్టింది. ఇంజన్ పై మూత అంచు చుట్టూ తెల్లటి జిగురు, స్నానాలగదిలో పలకల సందులకు పూసే సిలికాన్! వేలితో నున్నగా దిద్దారు కూడా. దాని ఆవిరి ఇంజన్‌లోకి పోయి, కాలి, సెన్సర్‌ను చంపేస్తోంది.

"అక్కా, ఇదెవరు పూశారు?"

"మీ బావే. ఆయిలు చెమరుస్తోందని. నువ్వు బాగుచేసి పంపినప్పుడల్లా ఇంకో పూత వేస్తారు."

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా! ఉండు, ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తాను."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"చెప్పకురా. పని పోయాక మనిషి మంచం దిగలేదు. ఈ కారు దగ్గర కూర్చున్న పూటే నాలుగు ముద్దలు తింటున్నారు."

"మళ్ళీ పూస్తే?"

"నువ్వే మళ్ళీ మార్చు."

"బాగుంది! పర్మిట్ పోయాక ఆ నాలుగు ముద్దలు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

అక్క కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఇంకా చిరాకేసింది. గొణుక్కుంటూనే జిగురంతా గీకి, ఆయిలు చెమర్చకుండా మూత కింద కొత్త ప్యాకింగ్ వేసి, మూడో సెన్సర్ బిగించాను. గీత ఊగింది. మర్నాడు పరీక్షలో కారు గట్టెక్కింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ బానెట్ ఎత్తి, చేతిలో తెల్ల ట్యూబుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఏమోయ్, అంచు అలా వదిలేశావేం? ఒక పూత వెయ్యనా?"

పళ్ళు కొరుక్కుని, వస్తూ దారిలో కొన్న ట్యూబు చేతికిచ్చాను. "అది స్నానాలగదికి బావా. ఇంజన్‌కి ఇది పూయండి."

బావ కళ్ళజోడు పెట్టుకుని దాని మీద అక్షరాలు చదివాడు. 'ఆక్సిజన్ సెన్సర్లకు హాని చేయదు.' మళ్ళీ చదివాడు. తర్వాత తన ట్యూబు వైపు చూశాడు.

"అంటే... అవన్నీ నా వల్లే పోయాయా?"

అవునని అరవడానికి నిన్నటి నుంచి నా నాలుక దురద పెడుతూనే ఉంది. తీరా ఆయన మొహం చూశాక మాట మార్చేశాను.

"అమ్ముకునేవాళ్ళు అలాగే రాసుకుంటారు లెండి."

ఆయన నమ్మలేదు. కొత్త ట్యూబు నాకు తిరిగిచ్చి, "నువ్వే పుయ్యి. నాకెందుకులే," అని లోపలికి కదిలాడు.

"మీకెందుకేమిటి? అక్క బండి చూసుకోవడం మీ పని కాదా? రోజూ నేనొచ్చి చూడాలా?" అని కసిరాను. ఆయన ఆగాడు. "నాకు నడుం పట్టేసింది. రండి, పూయండి!"

బావ వెనక్కి వచ్చాడు. గుడ్డ తీసుకుని, మెల్లగా అంచు తుడవడం మొదలుపెట్టాడు.